ఇంటి రికార్డింగ్ మైక్‌లో హమ్, కరెంటు రొద: కారణాన్ని కనిపెట్టి సరిచేసే క్రమం

మైక్‌లో హమ్ (ఎడతెగని మోత) లాంటి రొద వస్తోందనగానే చాలామంది ముందు కొత్త కేబుల్ కొంటారు, తరువాత కొత్త మైక్ కొంటారు, చివరకు ఆడియో ఇంటర్‌ఫేస్‌ను (మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టెను) కూడా మారుస్తారు. రొద మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అది ఏ దారిన లోపలికి వస్తోందో తెలియనంతవరకు మార్చిన ప్రతి వస్తువూ ఊహ మీద పెట్టిన ఖర్చే. అందుకే ఇక్కడ ముందు పరీక్షలు, ఆ తరువాతే మరమ్మతులు వస్తాయి. ఒక్కో అడుగులో ఒక్క మార్పు మాత్రమే చేయాలన్న నియమాన్ని చివరివరకూ పాటించండి. రెండు మార్పులు ఒకేసారి చేసి రొద పోగొట్టుకున్నవారికి అది ఎందుకు పోయిందో తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు కథ మొదటికే వస్తుంది.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

పనిలోకి దిగేముందు ఇవి చేతికి అందేలా పెట్టుకోండి:

- బాగా పనిచేస్తున్నదని ముందే తెలిసిన మరో మైక్ కేబుల్, అరువు తెచ్చినదైనా సరే
- చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు
- తీగ తెగకుండా ఉందో లేదో (కొనసాగింపును) శబ్దంతో తెలిపే సాధారణ మల్టీమీటర్
- బ్యాటరీ నిండుగా ఉన్న ల్యాప్‌టాప్
- పరీక్షల ఫలితాలు రాసుకోవడానికి ఒక కాగితం

కాగితం అనవసరమని అనిపించవచ్చు. కానీ ఆరో పరీక్షకు వచ్చేసరికి రెండో పరీక్షలో ఏం వినిపించిందో ఎవరికీ గుర్తుండదు.

తరువాత ఒక ఆధార రికార్డింగ్ చేయండి. మీరు మామూలుగా మాట్లాడే గెయిన్ (మైక్ సంకేతాన్ని పెంచే మోతాదు) దగ్గరే నాబ్‌ను ఉంచి, గదిలో ఎవరూ కదలకుండా 30 సెకన్ల నిశ్శబ్దాన్ని రికార్డు చేసి, మీటరులో కనిపించిన స్థాయిని రాసుకోండి. ఇకమీదట చేసే ప్రతి పరీక్షనూ దీనితోనే పోల్చాలి కాబట్టి అంతా పూర్తయ్యేదాకా గెయిన్ నాబ్‌ను ముట్టుకోకూడదు. నాబ్ పక్కన చిన్న టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోవడం మేలు.

భద్రత విషయంలో రాజీ లేని మాటలు రెండు. మూడు పిన్నుల ప్లగ్‌లోని ఎర్త్ పిన్నును విరవడం, దానికి టేపు చుట్టడం, రెండు పిన్నుల అడాప్టర్‌తో దాన్ని తప్పించడం హమ్‌కు మందు కావు. పరికరం లోపల ఎప్పుడైనా లీకేజీ ఏర్పడితే ఆ కరెంటు మైక్ పట్టుకున్న చేతిగుండా, దానికి ఆనించిన పెదవులగుండా పోతుంది. అలాగే నీటి గొట్టానికో, గ్యాస్ గొట్టానికో తీగ చుట్టి సొంతంగా ఎర్త్ తయారుచేయకూడదు.

2. రొద రికార్డింగులో ఉందా, వినికిడిలోనే ఉందా?

ఇది అర నిమిషం పని, అయినా దీన్ని దాటేసేవారే ఎక్కువ. ఆధార రికార్డింగును ఫోన్‌లోకి పంపుకొని, ఆ ఫోన్‌కే హెడ్‌ఫోన్లు పెట్టి వినండి. అక్కడ రొద లేకపోతే మైక్‌ది తప్పు కాదు. స్పీకర్లకో, హెడ్‌ఫోన్ల దారికో వచ్చిన ఇబ్బంది అది. అప్పుడు మైక్ కేబుళ్లను వదిలిపెట్టి నేరుగా 6వ భాగానికి వెళ్లండి. ఫోన్‌లో కూడా వినిపిస్తే రొద నిజంగానే రికార్డు అవుతోందని అర్థం.

3. గాలిలో వచ్చిన శబ్దమా, తీగలో వచ్చిన రొదా?

ఫ్రిజ్ కంప్రెసర్, ఫ్యాన్ మోటారు, దూరంగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ చేసే సన్నని ఘోష కూడా మైక్‌కు హమ్‌లాగే వినిపిస్తుంది. అది గాలిలో ప్రయాణించి మైక్‌ను తాకుతున్న అసలైన శబ్దం. దానిమీద కేబుళ్లు, ఎర్త్ ఏ ప్రభావమూ చూపవు.

తేల్చుకునే మార్గం సులువు. రికార్డింగ్ నడుస్తుండగా మైక్‌ను మందపాటి దుప్పటిలో రెండు మూడు చుట్లు చుట్టండి. రొద గణనీయంగా తగ్గితే అది గాలిలోంచి వచ్చినది. ఏమాత్రం మారకపోతే విద్యుత్తు ద్వారా వచ్చినది. దుప్పటి లోతు స్వరాలను పూర్తిగా ఆపలేదు కాబట్టి సందేహం మిగిలితే ఫ్రిజ్‌నూ ఫ్యాన్‌నూ ఒక్క నిమిషం ఆపి మళ్లీ చూడండి. ఫ్యాన్ ఆపగానే రొద పోయినా తొందరపడి తీర్పు ఇవ్వకండి: రొద ఫ్యాన్ గాలిది కాక, దాని ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌ది కావచ్చు. రెగ్యులేటర్‌ను పూర్తి వేగానికి తిప్పినప్పుడు గాలి చప్పుడు పెరిగి, సన్నని గరగర మాత్రం తగ్గితే దోషి రెగ్యులేటరే.

4. రొద స్వభావాన్ని గుర్తించడం

ఇళ్లకు వచ్చే విద్యుత్తు కొన్ని దేశాల్లో 50 హెర్ట్జ్, మరికొన్ని దేశాల్లో 60 హెర్ట్జ్. దానివల్ల వచ్చే రొద ఆ సంఖ్య దగ్గరా, దాని రెట్టింపు, మూడింతల దగ్గరా కనిపిస్తుంది. చెవికి ఇలా వినిపిస్తుంది:

- మెత్తగా, లోతుగా "ఊఁ" అని మోగితే అది ప్రధానంగా 50 లేదా 60 హెర్ట్జ్ హమ్. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన మైక్ ఉండటం, షీల్డ్ (సంకేత తీగల చుట్టూ ఉండే లోహపు కవచం) తెగిన కేబుల్ మొదటి అనుమానితులు.
- తేనెటీగల రొదలా గరుకుగా "జ్‌జ్‌" అంటే అందులో పై రెట్లు కూడా కలిసి ఉన్నాయి. గ్రౌండ్ లూప్ (ఎర్త్ తీగలతో ఏర్పడే వలయం, వివరం 6వ భాగంలో), డిమ్మర్ (దీపం వెలుగును తగ్గించే మీట), నాసిరకం ఎల్ఈడీ దీపం, నిజమైన సైన్ తరంగం ఇవ్వని ఇన్వర్టర్ దీనికి మూలాలు.
- సన్నగా ఈలలా మోగుతూ, మౌస్ కదిపినప్పుడో హార్డ్‌డిస్క్ పనిచేసినప్పుడో మారుతుంటే అది కంప్యూటర్ నుంచి వస్తున్న రొద.
- "టిక్ టిక్ టిక్, ర్‌ర్‌ర్" అని విడతలు విడతలుగా వచ్చి ఆగిపోతే అది మొబైల్ ఫోన్.
- ఏ స్వరమూ లేకుండా "హిస్‌స్" మంటే అది హమ్ కానే కాదు. దానికి మందు గెయిన్ విషయంలో ఉంది. 10వ భాగం చూడండి.

చెవి మీద నమ్మకం చాలకపోతే ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఆధార రికార్డింగు స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే పటం) తెరచి చూడండి. ఇక్కడ చాలామంది ఒక చోట జారిపడతారు. 44,100 శాంపిల్ రేటు (సెకనుకు తీసే కొలతల సంఖ్య) దగ్గర విశ్లేషణ పరిమాణం 1024గా ఉంటే ఒక్కో గడి వెడల్పు సుమారు 43 హెర్ట్జ్ అవుతుంది. అందులో 50కీ 60కీ తేడా కనిపించదు. దాన్ని 16384కు మార్చితే గడి 2.7 హెర్ట్జ్‌కు తగ్గి, శిఖరాలు స్పష్టంగా విడిపోతాయి.

5. ఒక్కొక్కటిగా విడదీయడం

ఇది మొత్తం పనికి వెన్నెముక. ప్రతి మెట్టు తరువాత పది సెకన్లు రికార్డు చేసి స్థాయిని రాసుకోండి.

మొదటి మెట్టు: ల్యాప్‌టాప్ ఛార్జర్‌ను ప్లగ్ నుంచే తీసి, బ్యాటరీ మీద నడపండి. రొద పోతే విషయం ఛార్జర్, ఎర్త్ చుట్టూ తిరుగుతోంది. డెస్క్‌టాప్ వాడేవారు ఈ పరీక్ష కోసం ఒక ల్యాప్‌టాప్‌ను అరువు తెచ్చుకోవడం మంచిది.

రెండో మెట్టు: కంప్యూటర్‌కు తగిలించిన మిగతావన్నీ తీసేయండి. స్పీకర్లు, రెండో తెర, ప్రింటర్, బయటి హార్డ్‌డిస్క్, నెట్‌వర్క్ కేబుల్, ఛార్జ్ అవుతున్న ఫోన్, ఏదీ మిగలకూడదు. మైక్, ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్లు మాత్రమే ఉండాలి.

మూడో మెట్టు: మైక్ కేబుల్‌ను మార్చండి. వీలైతే మైక్‌ను కూడా మార్చండి, కానీ రెండూ ఒకేసారి కాదు.

నాలుగో మెట్టు: కేబుల్‌ను ఇంటర్‌ఫేస్ నుంచి తీసి, ఇన్‌పుట్‌ను ఖాళీగా ఉంచి వినండి. రొద అప్పటికీ ఉంటే ఇంటర్‌ఫేస్‌లోనో దాని విద్యుత్ సరఫరాలోనో లోపం ఉంది. దీనికి తలకిందులు పరీక్ష, అంటే కేబుల్‌ను ఇంటర్‌ఫేస్‌కు ఉంచి మైక్‌ను మాత్రమే తీసేయడం, మోసం చేస్తుంది: కొస తెరిచి ఉన్న పొడవాటి కేబుల్ యాంటెన్నాలా ప్రవర్తించి, మైక్ ఉన్నప్పటికంటే ఎక్కువ హమ్‌ను పట్టుకుంటుంది. ఆ పరీక్ష చేయాలనుకుంటే మైక్ స్థానంలో 2వ, 3వ పిన్నుల మధ్య 150 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టిన ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైక్) కనెక్టర్‌ను వాడాలి.

ఐదో మెట్టు: గదిలోని దీపాలు, రెగ్యులేటర్లు, ఛార్జర్లు ఒక్కొక్కటిగా స్విచ్ వద్ద ఆపండి. ఒకసారి నేను హమ్ కోసం మూడు రోజులు కేబుళ్లకు సోల్డరింగ్ చేస్తూ కూర్చున్నాను. చివరకు దోషి బల్ల మీద నాకు వెలుగిస్తున్న డిమ్మర్ దీపమని తేలింది. దాన్ని ఆపి చూడాలన్న ఆలోచన రాకపోవడానికి కారణం, అది ఆడియో పరికరం కాకపోవడమే.

ఆరో మెట్టు: రొద పోయిన తరువాత తీసేసిన వాటిని ఒక్కొక్కటిగా తిరిగి తగిలించండి. ఏది తగిలించినప్పుడు రొద మళ్లీ వచ్చిందో అదే దారి.

6. ఎర్త్ ఎక్కువైందా, లేనే లేదా?

హమ్ సమస్యల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే. ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధమైన రెండు జబ్బులు ఒకే రకం శబ్దం చేస్తాయి, ఒకదాని మందు రెండోదాన్ని ముదిరేలా చేస్తుంది.

మొదటిది గ్రౌండ్ లూప్. రెండు పరికరాలు వేర్వేరు ప్లగ్‌ల ద్వారా ఎర్త్‌కు చేరి, వాటి మధ్య ఆడియో కేబుల్ షీల్డ్ కూడా ఉంటే, ఎర్త్ తీగలు, షీల్డ్ కలిసి ఒక మూసిన వలయం అవుతాయి. ఆ రెండు ఎర్త్ బిందువుల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉన్నా షీల్డ్‌లో కరెంటు పారుతుంది, అది సంకేతంతో కలిసి రొదగా వినిపిస్తుంది. ఎర్త్ ఉన్న డెస్క్‌టాప్, ఎర్త్ ఉన్న స్పీకర్లు, వాటి మధ్య సాధారణ అన్‌బ్యాలెన్స్‌డ్ (ఒకే సంకేత తీగ, షీల్డ్ ఉన్న) కేబుల్: ఇది దీనికి అచ్చమైన ఉదాహరణ. టీవీ కేబుల్, హెచ్‌డీఎంఐ తీగ కూడా వలయాన్ని మూసివేయగలవు.

రెండోది ఎర్త్ లేకపోవడం. రెండు పిన్నుల ఛార్జర్లలో రొదను అణచడానికి పెట్టే చిన్న కెపాసిటర్ ద్వారా మెయిన్స్ నుంచి అతి స్వల్ప కరెంటు ల్యాప్‌టాప్ లోహపు ఒంటికి చేరుతుంది. దాన్ని వేళ్ల వెనకభాగంతో నిమిరితే సన్నని జలదరింపు తెలుస్తుంది. ఎర్త్‌కు పోయే దారి లేక ఆ కరెంటు యూఎస్‌బీ కేబుల్, ఇంటర్‌ఫేస్, మైక్ షీల్డ్ గుండా తిరుగుతుంది.

రెండింటినీ విడదీసే పరీక్ష: రికార్డింగ్ నడుస్తుండగా మైక్ లోహపు ఒంటినో, ఇంటర్‌ఫేస్ లోహపు పెట్టెనో పొడి వేలితో తాకండి. తాకగానే రొద తగ్గితే ఎర్త్ లేమి, లేదా షీల్డ్ తెగడం. తాకినా మారకపోతే, పరికరాలు కూడా ఒకటికంటే ఎక్కువ ఎర్త్ ప్లగ్‌లకు తగిలి ఉంటే, గ్రౌండ్ లూప్‌ను అనుమానించాలి. తాకినప్పుడు జలదరింపు కాక నిజమైన షాక్ తగిలితే పరీక్ష అక్కడితో ఆపి, అన్నింటినీ ప్లగ్‌ల నుంచి తీసి, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

గ్రౌండ్ లూప్ అని తేలితే ఈ క్రమంలో ప్రయత్నించండి:

- ఆడియో పరికరాలన్నింటినీ ఒకే గోడ సాకెట్ నుంచి, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద నడపండి. వలయం చిన్నదై, బిందువుల మధ్య వోల్టేజీ తేడా తగ్గుతుంది. హీటరు, మోటారు వంటివి ఆ బాక్స్‌కు తగిలించకూడదు.
- స్పీకర్లకు వెళ్లే అన్‌బ్యాలెన్స్‌డ్ కేబుళ్ల బదులు, రెండు వైపులా ఆ సదుపాయం ఉంటే, బ్యాలెన్స్‌డ్ (రెండు సంకేత తీగలు, షీల్డ్ ఉన్న) టీఆర్‌ఎస్ (మూడు భాగాల జాక్) లేదా ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లు వాడండి.
- బ్యాలెన్స్‌డ్ సదుపాయం లేకపోతే లైన్ స్థాయి (స్పీకర్లకు పంపే సంకేతం) దారిలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను, గిటార్ వంటి వాయిద్యానికైతే గ్రౌండ్ లిఫ్ట్ (షీల్డ్‌ను తెంచే) మీట ఉన్న డీఐ బాక్స్‌ను (వాయిద్య సంకేతాన్ని బ్యాలెన్స్‌డ్‌గా మార్చే పెట్టెను) పెట్టండి. ఇవి తెంచేది ఆడియో షీల్డ్‌ను మాత్రమే. ప్రాణరక్షణ కోసం ఉన్న ఎర్త్‌ను కాదు.

ఎర్త్ లేమి అని తేలితే ఆ ల్యాప్‌టాప్ తయారీదారే ఇచ్చే మూడు పిన్నుల ఛార్జర్ ఉందేమో చూడండి. లేకపోతే రికార్డింగ్ సమయంలో బ్యాటరీ మీద నడపడమే నిశ్చయమైన మార్గం. మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన వెనుక ఎర్త్ తీగ నిజంగా తగిలి ఉందని నమ్మనక్కరలేదు. ఇంటి ఎర్తింగ్‌ను కొలిపించడం ఎలక్ట్రీషియన్ పని.

7. కేబుల్, కనెక్టర్

ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌లో 1వ పిన్ షీల్డ్, 2వ, 3వ పిన్నులు సంకేతానివి. ఇంటర్‌ఫేస్ ఆ రెండు తీగల మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది కాబట్టి రెండింటి మీదా సమానంగా పడిన రొద తనంతట తానే రద్దవుతుంది. ఆ రెండింటిలో ఒకటి తెగితే రద్దు జరగదు. గొంతు పలచబడి, స్థాయి పడిపోయి, హమ్ పైకి వస్తుంది. ఈ మూడు లక్షణాలు కలిసి కనిపిస్తే ఇంకేమీ ఆలోచించకుండా కేబుల్‌నే చూడండి.

మల్టీమీటర్‌తో పరీక్ష, కేబుల్‌ను రెండు కొసల నుంచీ తీసేసిన తరువాత:

- ఒక కొస 1వ పిన్నుకు రెండో కొస 1వ పిన్ను, 2కు 2, 3కు 3 మోగాలి
- 1-2, 2-3, 1-3 మధ్య ఎక్కడా మోగకూడదు
- మోగుతుండగా కేబుల్‌ను కనెక్టర్ దగ్గర అటూ ఇటూ వంచినా శబ్దం తెగకూడదు

మూడో పరీక్షలోనే ఎక్కువ కేబుళ్లు దొరికిపోతాయి. ఫాంటమ్ పవర్ (ఇంటర్‌ఫేస్ కండెన్సర్ మైక్‌కు కేబుల్ గుండానే పంపే విద్యుత్తు) 48 వోల్టులు 2, 3 పిన్నుల మీద వెళ్లి 1వ పిన్ను గుండా తిరిగి వస్తుంది; అందువల్ల కండెన్సర్ మైక్ కేబుల్‌లో షీల్డ్‌ను తెంచి గ్రౌండ్ లూప్ పోగొట్టాలని చూస్తే మైక్ పనిచేయడమే మానేస్తుంది.

కేబుల్ బాగుండి, మైక్‌ను చేత్తో పట్టుకున్నప్పుడు హమ్ మారుతుంటే మైక్ జాలీ, ఒంటి భాగాల మరలు బిగువుగా ఉన్నాయో లేదో చూడండి. కాప్సూల్ (శబ్దాన్ని పట్టే భాగం) చుట్టూ ఉన్న ఆ లోహమే దాని కవచం; ఒక మర వదులైనా కవచానికి కన్నం పడినట్టే.

8. మైక్ ఎక్కడ ఉంది, ఎటు చూస్తోంది

డైనమిక్ మైక్ లోపల తీగచుట్ట ఉంటుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రాన్ని అది నేరుగా పట్టుకోగలదు. షీల్డ్ దీన్ని ఆపలేదు. మందు దూరమే: చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే క్షేత్రం దూరం పెరిగేకొద్దీ చాలా వేగంగా తగ్గుతుంది, అర మీటరు జరిపినా తేడా వినిపిస్తుంది. జరపడానికి చోటు లేకపోతే హెడ్‌ఫోన్లలో వింటూ మైక్‌ను మెల్లగా తిప్పండి. ఏదో ఒక కోణంలో హమ్ దాదాపు మాయమవుతుంది.

కరెంటు తీగకు సమాంతరంగా మైక్ కేబుల్‌ను పరచకండి. దాటక తప్పనిచోట అడ్డంగా, 90 డిగ్రీల కోణంలో దాటించండి. మిగిలిన మైక్ కేబుల్‌ను చుట్టి అడాప్టర్ల మీద పడేసే అలవాటు కూడా మానుకోవాలి.

9. యూఎస్‌బీ మైక్, కంప్యూటర్ రొద, రేడియో తరంగాలు

యూఎస్‌బీ మైక్ నుంచి బయటికి వచ్చేది అంకెల రూపంలోని సమాచారం కాబట్టి ఆ కేబుల్‌లో గొంతు మీద హమ్ ఎక్కదు. కానీ అదే కేబుల్ 5 వోల్టుల విద్యుత్తును మైక్‌కు మోసుకొస్తుంది. ఆ విద్యుత్తులోని మలినం లోపలి ప్రీయాంప్‌కు (సన్నని సంకేతాన్ని పెంచే భాగానికి) చేరితే ఈలలా వినిపిస్తుంది. యూఎస్‌బీ ప్రతి మిల్లీసెకనుకు ఒక ఫ్రేమ్ చొప్పున, హై స్పీడ్‌లో 125 మైక్రోసెకన్లకు ఒకటి చొప్పున నడుస్తుంది కాబట్టి 1 కిలోహెర్ట్జ్ దగ్గరో 8 కిలోహెర్ట్జ్ దగ్గరో కదలని ఈల కనిపిస్తే అనుమానం అటే పోవాలి.

ముందు వేరే పోర్టు ప్రయత్నించండి. డెస్క్‌టాప్‌లో వెనక పోర్టు తరచూ శుభ్రంగా ఉంటుంది. తరువాత పొట్టి కేబుల్, ఆ తరువాత సొంత అడాప్టర్ ఉన్న హబ్. యూఎస్‌బీ ఐసొలేటర్ (రెండు వైపుల మధ్య విద్యుత్ సంబంధాన్ని తెంచే పరికరం) చివరి మెట్టు. చవక రకాలు సెకనుకు 12 మెగాబిట్ల వేగానికే పరిమితం. హై స్పీడ్ కోరే ఇంటర్‌ఫేస్ వాటితో పనిచేయదు.

ఇక ఫోన్ సంగతి. 2జీ పద్ధతిలో నడుస్తున్న ఫోన్ సెకనుకు సుమారు 217 సార్లు తరంగాలను విడతలుగా వెదజల్లుతుంది, ఆ టకటక అదే. ఫోన్‌ను విమాన మోడ్‌లో పెట్టండి, లేదా పక్క గదిలో ఉంచండి. కేబుల్‌కు తగిలించే ఫెర్రైట్ క్లిప్పులు ఇలాంటి రేడియో తరంగాల మీదే పనిచేస్తాయి; 50 హెర్ట్జ్ హమ్ మీద వాటి ప్రభావం శూన్యం.

10. గెయిన్, దూరం

హమ్ స్థాయి మీరు మైక్‌కు ఎంత దూరంలో ఉన్నారన్నదానిపై ఆధారపడదు, గొంతు స్థాయి ఆధారపడుతుంది. దూరాన్ని సగం చేస్తే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, అంతమేర గెయిన్ తగ్గించవచ్చు, హిస్, హమ్ రెండూ వెనక్కి పోతాయి. 30 సెంటీమీటర్ల నుంచి 15కు రావడం ఖర్చులేని మరమ్మతు.

11. తరచూ జరిగే పొరపాట్లు

- రొద కొంచెం తగ్గగానే పని ఆపేయడం. ఒకే గదిలో రెండు మూలాలు ఉండటం అరుదు కాదు. పెద్దది పోయాకే చిన్నది వినిపిస్తుంది.
- ఖరీదైన కేబుల్ కొంటే చాలుననుకోవడం. సరిగా సోల్డర్ చేసిన మామూలు బ్యాలెన్స్‌డ్ కేబుల్ ఇంటి దూరాలకు సరిపోతుంది.
- సర్జ్ ప్రొటెక్టర్ హమ్‌ను తీసేస్తుందని నమ్మడం. దాని పని వోల్టేజీ ఉప్పెనను అడ్డుకోవడం, గ్రౌండ్ లూప్‌తో దానికి సంబంధం లేదు.

12. మిగిలిపోయిన రొదకు సాఫ్ట్‌వేర్

పై మెట్లన్నీ అయ్యాక కూడా పలచని హమ్ మిగిలితేనే ఇక్కడికి రండి. 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టర్ (అంతకంటే కింది స్వరాలను తగ్గించేది) పెడితే 50 లేదా 60 తగ్గుతుంది. దాని రెట్లు మాత్రం మిగులుతాయి. 50 హెర్ట్జ్ ప్రాంతంలో అయితే 100, 150, 200 దగ్గర వీలైనంత ఇరుకైన నాచ్ ఫిల్టర్లు (ఒక్క స్వరాన్ని మాత్రమే కోసేవి) పెట్టాలి. వెడల్పు పెంచితే మగ గొంతు మూలస్వరం కూడా ఆ ప్రాంతంలోనే ఉండటంవల్ల మాట డొల్లగా మారుతుంది.

నాయిస్ రిడక్షన్ వాడితే అదే గెయిన్‌లో తీసుకున్న పది సెకన్ల నిశ్శబ్దాన్ని నమూనాగా ఇచ్చి, 6 నుంచి 12 డెసిబెల్స్‌కు మించి తగ్గించకండి. అంతకు మించితే మాటల చివర నీళ్లలో మాట్లాడినట్టు గలగల మొదలవుతుంది, దాన్ని తీసే ఫిల్టర్ ఏదీ లేదు. ఈ నమూనా కోసం ప్రతి రికార్డింగు మొదట్లో పది సెకన్లు ఊరికే ఉండి, ఆ తరువాతే మాట్లాడటం మొదలుపెట్టండి.